రోమకుల నియంత

నియంత యనిన మనకు భయము కలుగును. కాని ప్రాచీన రోమకులు ఆ పదవిని తమ రాజ్యరక్షణకై కల్పించుకొనిరి. ఆపద వాటిల్లినపుడు సెనేటు కోరగా కాన్సలు ఒకనిని నియంతగా నియమించెడివాడు. 24 మంది దండధరులు అతని ముందు నడచెడివారు. అధికారము అపారము; గడువు మాత్రము 6 నెలలే.

క్రీ. పూ. 458లో పొలము దున్నుకొనుచున్న సిన్సినాటస్ పిలుపునందుకొని, శత్రువులను జయించి, 16వ నాడు పదవిని విడిచెనని రోమక చరిత్రకారులు వ్రాసిరి.

క్రీ. పూ. 82లో సుల్లా గడువులేని నియంత యయ్యెను. పిమ్మట తానై తొలగినను, కట్ట తెగినది. క్రీ. పూ. 44లో సీజరు యావజ్జీవ నియంత యయ్యెను. ఆ యేటి మార్చి 15న హతుడయ్యెను. ఆంటొనీ శాసనముచే పదవి రద్దయినది. ప్రజాప్రభుత్వము మాత్రము నిలువలేదు.

అధికారమెంత యని మాత్రమే కాక, ఎన్నాళ్లని కూడ మన మడుగవలెను.