"వెబ్‌సైటు పెట్టాలండీ, ఎంతవుతుంది?"

ఈ సాఫ్ట్‌వేర్ పనిలోకొచ్చిన కొత్తలో, ఉద్యోగం చేసుకుంటూనే శనాదివారాల్లో తెలిసినవాళ్ళకి వెబ్‌సైట్లు కట్టిపెట్టేవాణ్ణి. ఇప్పటికీ అడపాదడపా ఎవరో ఒకరు సలహా కోసం ఫోన్ చేస్తుంటారు. అందరిదీ మొదటి ప్రశ్న ఒకటే: "ఎంతవుతుందండీ?" దానికి పెద్ద చరిత్రేం లేదు, పెళ్ళిపందిరి వేసేవాణ్ణయినా మనం ముందు అదే అడుగుతాం :). చరిత్ర అంతా రెండో ప్రశ్నలో ఉంది. ఆ రెండో ప్రశ్నేంటో చెప్పండి, అది ఏ కాలంలో అడిగిందో నేను చెప్తాను.

మొదట్లో రెండో ప్రశ్న "మన పేరు దొరుకుతుందా?" అని. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ వారి పుణ్యాన. సరిగ్గా ఆ మరుసటి నెల్లోనే అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. 1985 మార్చిలో సింబాలిక్స్ అనే కంప్యూటర్ల కంపెనీ మొట్టమొదటి డాట్ కామ్ పేరు నమోదు చేసుకుంది. అప్పట్నుంచి పదేళ్ళపాటు పేర్లు ఉచితం. 1995 సెప్టెంబరు నుంచి నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ రెండేళ్ళకి 100 డాలర్లు వసూలు చెయ్యడం మొదలెట్టింది. అంటే మనం గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి టికెట్టు పెట్టేశారన్నమాట. 1999లో మిగతా కంపెనీల్ని కూడా రంగంలోకి రానిచ్చాక ధరలు బాగా దిగాయి. మన డాట్ ఇన్ ఏమో 2005లో నిబంధనలు సడలించేదాకా అందరికీ తేలిగ్గా దొరికేది కాదు. అంచేత మన కిరాణా కొట్టువాళ్ళు కూడా డాట్ కామ్ వెంటే పడ్డారు.

ఆ తర్వాత వచ్చింది "ముందు పేజీలో బొమ్మ ఆడుతుందా?" కాలం. ఫ్లాష్ రోజులవి. దీపం వెలిగి, గంట మోగి, కంపెనీ పేరు గిరగిరా తిరిగితే గానీ యజమానికి డబ్బులు గిట్టినట్టుండేది కాదు. డయలప్ మీద చూసేవాడి గోల ఎవడిక్కావాలి! 2007లో వచ్చిన ఐఫోన్ ఫ్లాష్‌ని దగ్గరికి రానివ్వలేదు, 2020 డిసెంబరు 31తో అడోబీ కూడా దానికి నీళ్ళు వదిలేసింది. ఆ సైట్లు ఇప్పుడు తెరిస్తే ఖాళీ గడి తప్ప ఏమీ ఉండదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న "తెలుగులో వస్తుందా?" ఇది అడిగినవాళ్ళు తక్కువే, కానీ జవాబు చెప్పడానికి నేను పడ్డ పాట్లు ఎక్కువ. యూనికోడ్ మొదటి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకి చోటుంది. చోటుండి ఏం లాభం? చూపించే ఫాంటు ఉండాలి, ఒత్తులూ గుణింతాలూ పేర్చే తెలివి కంప్యూటరుకుండాలి. అవి లేనన్నాళ్ళూ పత్రికలవాళ్ళు ఎవరి ఫాంటు వాళ్ళు చేసుకున్నారు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అతికించడమే కిటుకు. ఫాంటుంటే తెలుగు, లేకపోతే ఎలుకలు కొరికిన ఇంగ్లీషు. వెతుకుడు యంత్రానికి మాత్రం ఎప్పుడూ రెండోదే కనబడేది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటొచ్చింది. అయితే కంట్రోల్ ప్యానెల్లో ఒక గడిలో టిక్కు పెట్టి, మళ్ళీ ఎక్స్‌పీ సీడీ వేస్తే గానీ అక్షరాలు కుదురుగా కూర్చునేవి కావు. ఆ సీడీ ఎవరింట్లో ఉంటుంది చెప్పండి? పాత ఫాంట్ల పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత వచ్చినప్పుడు నాకు నిజంగా పండగే. ఇప్పుడు ఏ చవక ఫోన్లో చూసినా తెలుగు వస్తుంది. అందుకే ఆ ప్రశ్న ఎవరూ అడగట్లేదు. అడగక్కర్లేని స్థితికి చేరడం కూడా చరిత్రే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. "గూగుల్లో మొదట మనదే రావాలి" అన్నారు. కనిపించని కీవర్డులు పేజీ నెత్తిన బస్తాడు పోస్తే చాలనుకునేవాళ్ళం. వాటిని తమ ర్యాంకుల్లో లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009లో బాహాటంగానే చెప్పింది. 2015లో, ఫోన్లో సరిగ్గా కనిపించే సైట్లకి పెద్దపీట వేస్తామన్నాక "ఫోన్లో బాగుంటుందా?" అన్నారు. 2018 జులైలో క్రోమ్ బ్రౌజరు తాళం లేని సైట్లన్నిటికీ "సురక్షితం కాదు" అని ముద్ర వెయ్యగానే, మూడేళ్ళుగా పలకరించనివాళ్ళు కూడా ఫోన్లు చేశారు!

ఇంతమంది ఇన్ని అడిగారు గానీ, "ఆ పేరు ఎవరి పేరున ఉంది?" అని ఒక్కరూ అడగలేదు.

2003లో ఒక చీరల వ్యాపారికి సైటు చేసిపెట్టాను. ఆయనకి క్రెడిట్ కార్డు లేదు, ఈమెయిలూ లేదు. నా కార్డుతో, నా ఆఫీసు మెయిలుతో, నా పేరునే నమోదు చేశాను. మోసం కాదు, బద్ధకం. 2006లో ఉద్యోగం మారాను, ఆ మెయిలు పోయింది. రెన్యువల్ హెచ్చరికలన్నీ చచ్చిన పెట్టెలోకి వెళ్ళాయి. డాట్ కామ్ పేరు గడువు దాటితే వెంటనే పోదు. అమ్మిన కంపెనీ ఉంచుకోగలిగేది గరిష్ఠంగా 45 రోజులు, ఆపైన అదనపు రుసుం కట్టి విడిపించుకోడానికి 30 రోజులు, చివర్న 5 రోజులు. ఆ తర్వాత ఎవడు ముందొస్తే వాడిది. అన్నాళ్ళూ నేను చూసుకోలేదు. ఎవడో తీసుకుని ప్రకటనలతో నింపేశాడు.

ఆయన కొట్లో చీరలు పెట్టిచ్చే సంచులన్నిటి మీదా ఆ పేరే అచ్చయి ఉంది. తిడతారనుకుని వెళ్ళాను. "పోన్లే బాబూ, సంచులు అయ్యేదాకా వాడతాను, పారేస్తే డబ్బులు దండగ కదా" అన్నారంతే. తిట్టి ఉంటే బావుండేది.

స్థలం కొంటే రిజిస్ట్రేషన్ కాగితం మన బీరువాలో పెట్టుకుంటాం గానీ, మేస్త్రీ దగ్గర ఉంచం కదా. ఇదీ అంతే. మీరు సైటు పెట్టించుకుంటుంటే, చేసేవాడు మీ తమ్ముడైనా సరే, పేరు మీ పేరున, మీ మెయిలుతో, పాస్‌వర్డు మీ చేతిలో ఉందో లేదో అడగండి. ఎంతవుతుందని తర్వాత అడగొచ్చు.