విశాఖ నేల, లడఖ్ లోలకము

విశాఖపట్నమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడు మనము 1933లో తెరచిన రేవును చెప్పుకొందుము. దరిమిలా వెలసిన ఉక్కు కర్మాగారమును చెప్పుకొందుము. ఈ పట్నము పేరిట భూమి కొలతల చరిత్రలో ఒక గీత ఉన్నదన్న మాట మాత్రము మన యిండ్లలో అరుదుగా వినబడును. అదియే విశాఖపట్నం ఆధారరేఖ. పొడవు సుమారు ఆరున్నర మైళ్లు. 1862-63లో దానిని కొలిపించినవాడు కెప్టెన్ జేమ్స్ పల్లాడియో బసేవీ.

ఆరున్నర మైళ్లు కొలుచుట యేమంత ఘనకార్యమని శ్రోతలు అడుగవచ్చును. లాంబ్టన్ దొర 1802లో మద్రాసు చెంత ఆరంభించిన మహా త్రికోణమితి సర్వేలో నేలమీద కొలుచునది ఒక్క భుజమే. తక్కిన త్రికోణములన్నియు కొండ శిఖరములనుండి కోణములు చూచి, లెక్కకట్టి తేల్చినవి. కలకత్తానుండి కోస్తా వెంబడి మద్రాసు దాక అట్టి త్రికోణముల వరుస సాగినది. ఒక కోణమున దొరలిన పిసరంత పొరపాటు తరువాతి త్రికోణమునకు, అందుండి ఆపై దానికి ప్రాకును. కనుక నడుమ ఒకచోట నేలను మరల కొలిచి లెక్కను నిలదీయవలెను. ఆ పరీక్ష విశాఖ నేలకు వచ్చినది. రెండును సరిపడనిచో వందల మైళ్ల శ్రమ, అడవి జ్వరములకు ఓర్చి చేసిన శ్రమ, సందేహమున పడును.

కొలుచుటకు ఇనుప గొలుసు చాలదు. మన యెండకు ఇనుము సాగును. అందుచేత కోల్బీ దొర కల్పించిన కడ్డీలు వాడినారు. పది అడుగుల ఇత్తడి కడ్డీ ఒకటి, ఇనుప కడ్డీ ఒకటి నడుమ బిగించి, కొనలయందు చిన్న నాలుకలు అమర్చినారు. ఇత్తడి ఎక్కువగాను, ఇనుము తక్కువగాను సాగుటచే నాలుక కొంచెము వాలును. దానిపైని చుక్క మాత్రము కదలదు. అట్టి జతలు ఆరు. డేరాల నీడలో వరుసగా నిలిపి, సంధులయందు సూక్ష్మదర్శినులు పెట్టి చూచి, వెనుకటి కడ్డీలను మరల ముందునకు మోసుకొనిపోవలెను. ఆ బరువు మోసినవారు కలాసీలు. గ్రంథములలో దొరల పేర్లే కానవచ్చును గాని, ఒక్క కలాసీ చేయి వణికినను దొర గణితము చెడును గదా!

బసేవీ తండ్రి జార్జి పేరుపొందిన వాస్తుశిల్పి. ఇంగ్లండులో ఈలీ దేవాలయ గోపురమును పరిశీలించుచు 1845లో జారిపడి మరణించినాడు. అప్పటికి కుమారునికి పదమూడేండ్లు. బ్రతుకంతయు ఆరుబయట గడిపి, పదవి విరమించిన పిమ్మట వేడుకకై దేశములు తిరిగిన సర్వేయర్లు పలువురు కలరు. ఇతనికి ఆ భాగ్యము లేకపోయినది.

విశాఖ పని ముగిసిన పిదప, 1865నుండి లోలకముల పని అతనికి అప్పగించినారు. దాని వెనుక ఒక చిక్కు ఉన్నది. కలియానా, కలియాన్‌పూర్ అను రెండు స్థలముల నడుమ త్రికోణముల లెక్కకును నక్షత్రముల లెక్కకును సుమారు 5 సెకన్ల తేడా వచ్చినది. హిమాలయము తూకపు గుండును తనవైపు లాగుటచే అట్లయినదనుకొనిరి. కాని ప్రాట్ అను క్రైస్తవాచార్యుడు గుణించి చూడగా, అంతటి పర్వతము దాదాపు 16 సెకన్లు లాగవలెనని తేలినది! మరి తక్కిన ఆకర్షణ ఏమైనది? కొండ అడుగున పదార్థము పలుచన కాబోలునని 1855లో ఎయిరీ పండితుడును, ఆ పిమ్మట ప్రాట్ పండితుడును వేరువేరు త్రోవల ఊహించినారు. ఊహను తేల్చవలసినది లోలకము. ఆకర్షణ తగ్గినచోట అది మెల్లగా ఊగును.

రాయల్ సొసైటీ యెరువిచ్చిన లోలకములను బసేవీ కన్యాకుమారి తావులనుండి, మినికాయ్ దీవినుండి హిమాలయము దాక మోయించి, ఊపి, లెక్కించినాడు. 1871లో లడఖ్ చేరి, పదిహేను వేల అడుగులకు పైనున్న మోరే మైదానమున పని ముగించినాడు. అంతటితో తిరిగి వచ్చినను తప్పుపట్టువారు లేరని మా అభిప్రాయము. అతడు ఇంకను ఎగువకు, చాంగ్‌చెన్‌మో వైపు సాగినాడు. జూలై 17న అచటి చలికి, పలుచని గాలికి డేరాలోనే ప్రాణము విడిచినాడు. వయస్సు 39.

మిగిలిన పనిని హెవిసైడ్ అను అధికారి చేపట్టి, లోలకములను ఇంగ్లండులోని క్యూకు చేర్చి ముగించినాడు. మోరేలో బసేవీ వ్రాసి ఉంచిన అంకెలను విప్పి చూడగా, అంతటి పర్వతభూమి మీదను ఆకర్షణ ఉండవలసినంత లేదని రూఢియైనది.