మహామారి దినములలో న్యూటన్ చేతిపని

2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధికి వెరచి లోకమంతయు తలుపులు బిగించుకొని యిండ్లలో కూర్చుండినప్పుడు, పూర్వమొక ప్లేగు కాలమున ఇంటిపట్టుననే యుండి ప్రకృతిరహస్యములను భేదించిన ఐజాక్ న్యూటన్ కథ దేశదేశములందు పలుమారు స్మరింపబడెను. ఆ కథ చెప్పినవారిలో పెక్కురు ఆయన మేధస్సును, పెరటిలోని ఆపిలుచెట్టును కొనియాడిరే కాని, ఆ దినములలో ఆయన చేతులు ఏ పనిలో నుండెనో విచారింపరైరి. నాకు మాత్రము ఆ గృహచరిత్రలో మిక్కిలి ప్రియమైన భాగ మదియే. మేడిచెట్టు నీడనైనను మామిడిచెట్టు నీడనైనను ఊరక కూర్చుండినంతమాత్రమున శాస్త్రము పుట్టదు. ఉలియు, రంపమును, సానరాయియు ఎరిగిన చేయి ఆ బుద్ధికి తోడైయుండెను.

1665వ సంవత్సరపు వేసవిలో లండను నగరమున ప్లేగు చెలరేగెను. ఆ యేట ఆ వ్యాధివలన మరణించినట్లు లెక్కలకెక్కినవారే 68,000 మందికి పైబడిరి. లెక్కకు రానివారిని గూడ చేర్చినచో ఆ సంఖ్య లక్షకు చేరియుండునని చరిత్రకారుల యభిప్రాయము. రోగి యున్న యింటి తలుపుపై ఎఱ్ఱని శిలువ గుర్తు వ్రాసి, లోపలివారిని 40 దినములు బయటికి రానీయక కావలి పెట్టుట ఆనాటి శాసనము. కేంబ్రిడ్జి సమీపమున ఆనాడు ఏటేట జరుగుచుండిన స్టర్‌బ్రిడ్జి సంత, దేశమున మిక్కిలి పెద్దదిగా పేరొందినది, ఆ యేడును మరుసటి యేడును నిలిచిపోయెను. ఆగస్టు మాసమున ట్రినిటీ కళాశాల విద్యార్థులను పంపివేసెను. అప్పుడే పట్టము పుచ్చుకొన్న 22 ఏండ్ల న్యూటన్ లింకన్‌షైరు మండలములోని స్వగ్రామమగు ఊల్స్‌థోర్పునకు, తల్లి యింటికి, చేరెను. నడుమ 1666లో కొన్ని మాసములు కేంబ్రిడ్జికి పోయివచ్చుట తప్ప, 1667 ఏప్రిల్ వరకు ఆయన నివాస మా పల్లెయే.

ఆ యిల్లు నేటికిని నిలిచియున్నది. సున్నపురాతితో కట్టిన నిరాడంబరమైన భవనము. చుట్టును గొఱ్ఱెలు మేయు పొలములు. 1721లో విలియం స్టూక్లీ యను వైద్యుడు, న్యూటనునకు మిత్రుడు, ఆ యింటిని చూడబోయి, కేంబ్రిడ్జినుండి వచ్చినప్పుడు ఆయన చదువుకొను గదిలో పుస్తకములుంచు అరలను పరిశీలించెను. అవి వడ్రంగి చేసినవి కావు. తేలికచెక్క పెట్టెలను విప్పి, ఆ పలకలతో న్యూటన్ స్వయముగా అమర్చుకొన్నవి. పుస్తకములను బట్టలను ఇంటికి పంపుకొన్న పెట్టెలే అవి కావచ్చునని స్టూక్లీ యూహించెను. ఆ అరలలో మారుటితండ్రి బర్నబస్ స్మిత్ విడిచిపోయిన గ్రంథములు 200, 300 వరకు ఉండెడివట. ఆ మతాచార్యుడే వేదాంతవిషయములు వ్రాసికొనుటకై కుట్టించి, కొన్ని శీర్షికలు మాత్రము వ్రాసి విడిచిన పెద్ద ఖాళీ పుస్తకమును న్యూటన్ తీసికొని, దానిలో తన గణితమును వ్రాయ నారంభించెను. కాగితము వెలగల ఆ దినములలో ఖాళీపుట నొక్కటియు వ్యర్థము చేయని యీ గృహస్థబుద్ధి, పెట్టెచెక్కను అరగా మార్చిన బుద్ధి, ఒక్కటియే యని నాకు తోచును.

ఈ నేర్పు ప్లేగుతో పుట్టినది కాదు. గ్రాంథం పట్టణమున బడికి పోవు నాటినుండియే, క్లార్కు అను మందుల వర్తకుని యింట బసచేసిన ఆ బాలుడు, పెద్దలిచ్చిన చిల్లరకాసులన్నియు చిన్న రంపములకు, గొడ్డండ్లకు, సుత్తెలకు వెచ్చించి, తన గదిని ఒక పనిశాలగా నొనర్చుకొనెను. ఊరికి చేరువను కొత్తగా గాలిమర నొకదానిని కట్టుచుండగా, తోడి బాలురు ఆటలాడు వేళ ఇతడు పోయి పనివాండ్ర చెంత నిలిచి, ప్రతి కీలును గమనించి, ఇంటికి వచ్చి దానికి ప్రతిబింబమైన చిన్న మరను నిర్మించి, గుడ్డ తెరచాపలు కట్టి, ఇంటికప్పుపై నిలిపెను. గాలి లేనప్పుడు దానిని త్రిప్పుటకు ఎలుక నొకదానిని నియోగించి, దానికి మరవాడని పేరు పెట్టెను. ఆ యింటి ఇల్లాలి సోదరుని అడిగి తెచ్చుకొన్న పెట్టెతో సుమారు 4 అడుగుల యెత్తుగల నీటిగడియారమును చేసి, ప్రతి యుదయమును తానే నీరు పోసి నడపుకొనెను. ఆడపిల్లల బొమ్మలకు చిన్న బల్లలు, అలమారలు చేసియిచ్చెడివాడు. ఎండ పడు గోడలకు మేకులు దిగగొట్టి, నీడ కదలికను గుర్తించి, పొద్దును చూచెడివాడు. ఇరుగుపొరుగువారు ఆ గుర్తులను చూచియే వేళ తెలిసికొనెడివారు. 2017లో ఊల్స్‌థోర్పు గృహములో పొయ్యి దాపున రాతిపై, కంటికి కనబడనంత సన్నని గాలిమర బొమ్మ యొకటి ప్రత్యేకకాంతుల సాయమున బయటపడెను. అది ఆ బాలుడే గీచియుండునని పండితులు భావించుచున్నారు.

ఇట్టి చేయిగలవాడు సంతలు నిలిచిపోయి, పనివాండ్రు దొరకని కాలమున చేతులు ముడుచుకొని యెట్లు కూర్చుండును? 1666 మొదటి దినములలో తాను గోళాకృతి కాని కటకములను సానపట్టు పనిలో నుండగా, ముక్కోణపు గాజుపట్టకము నొకదానిని సంపాదించి, రంగులను పరీక్షింపసాగితినని న్యూటన్ 1672లో రాయల్ సొసైటీకి వ్రాసెను. గది నంతటిని చీకటి చేసి, కిటికీ తలుపునకు చిన్న రంధ్రము తొలిచి, ఆ రంధ్రమున దూరిన యెండను పట్టకము గుండా 22 అడుగుల దూరమునగల గోడపై పడనిచ్చెను. గుండ్రముగా నుండవలసిన వెలుగు, వెడల్పునకు ఐదింతల పొడవుగా రంగులు పరచి కనబడెను. ఈ పరీక్షలో పట్టకము తప్ప తక్కినవన్నియు ఇంటిలోనివే: తలుపు, గోడ, చీకటి. ఆ వెలుగు కొలతలను అంగుళముల భాగములతో సహా కొలిచి నమోదు చేసిన నేర్పు నీడగడియారముల గోడయొద్ద అబ్బినదే. కటకములకు రంగులంచులు ఏర్పడుట సానలోని దోషముకాదు, కాంతియొక్క స్వభావమేనని తెలియుటకు, కటకమును తానై సానపట్టి విసిగినవానికి గల యధికారము మరియొకరికి లేదు.

ఈ స్థితిని ఆదర్శముగా చూపువారు ఒకదానిని మరువరాదు. ఊల్స్‌థోర్పులో అన్నమునకు కొదువ లేదు. భూమియు, గొఱ్ఱెలును, కౌలుదారులును గలిగిన తల్లి నీడన ఆయన యుండెను. తలుపుపై శిలువ పడి, రోగుల నడుమ కూలి లేక కుమిలిన లండను పేదకు ఏ పనిముట్టు మాత్ర మేమి యోదార్పు నీయగలదు? ప్లేగు వరమని చెప్పుట దారుణము. భద్రముగా నుండగలిగినవానికి చేతిపని కాలమును నిరర్థకము కానీయదనుట మాత్రము సత్యము.

కేంబ్రిడ్జికి మరలివచ్చిన పిదప 1668లో ఆయన ఈ చేతిపనిని పరాకాష్ఠకు చేర్చెను. కటకములలో రంగు దోషము తీరదని నిశ్చయించి, అద్దముతో పనిచేయు దూరదర్శినిని తలపెట్టి, రాగికి తగరము కలిపిన తెల్లని లోహమును, మన కంచరులు గంటలకు పోయు కంచునకు దగ్గరి దానిని, తానే కరిగించి, తానే పోత పోసి, తారు పూసిన మూసపై తానే మెరుగు పెట్టెను. 6 అంగుళముల ఆ చిన్న గొట్టము వస్తువులను సుమారు 40 రెట్లు పెద్దవిగా చూపినది. రెండవ దానిని 1671 చివర రాయల్ సొసైటీవారికి పంపగా, మరుసటి జనవరిలోనే వారు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనిరి. వృద్ధుడైన న్యూటనును జాన్ కాండ్యూయిట్, ఆయన మేనకోడలి భర్త, ఆ పనిముట్లను ఎవరు చేసియిచ్చిరని యడుగగా, తానే చేసితిననియు, ఇతరులు చేసియిచ్చువరకు వేచియున్నచో తనవలన ఏ పనియు అయియుండెడిది కాదనియు చెప్పెనట.

లండనులోని పేరుమోసిన కటకకారులు అదే తరహా దూరదర్శినిని పెద్దదిగా చేయబూనిరి. అద్దమునకు కావలసినంత మెరుగు వారికి పట్టువడలేదు. స్టూక్లీ ఊల్స్‌థోర్పు అరలను చూచిన 1721లోనే జాన్ హాడ్లీ 6 అంగుళముల అద్దముగల ప్రతిబింబ దూరదర్శినిని రాయల్ సొసైటీ యెదుట నిలిపెను. పెట్టెచెక్కతో అరలు చేసికొన్న చేతి పనితనమును లోకము అందుకొనుటకు అర్ధశతాబ్దము పట్టెను.