గాలిపటంతో వైమానిక ఛాయాచిత్రణ

ఎగురుతున్న గాలిపటం దారానికి కెమెరాను వేలాడదీసి, పైనుండి నేలను చిత్రించే పద్ధతిని గాలిపటంతో వైమానిక ఛాయాచిత్రణ అంటారు. తెలంగాణలో గాలిపటాన్ని పతంగి అని కూడా పిలుస్తారు. ఈ పద్ధతికి ఇంజను, ఇంధనం అవసరం లేదు. కెమెరా బరువును గాలియే మోస్తుంది. నేలపై నిలబడి తీసిన చిత్రానికి, విమానం లేదా ఉపగ్రహం నుండి తీసిన చిత్రానికి మధ్య ఉండే ఎత్తును, అంటే సుమారు 20 మీటర్ల నుండి 150 మీటర్ల వరకు, ఇది తక్కువ ఖర్చుతో అందిస్తుంది. పురావస్తు స్థలాలు, చెరువులు, నదీతీరాలు, పంట పొలాల వంటి వాటిని నమోదు చేయడానికి ఇది ఉపయోగపడుతుంది.

చరిత్ర

ఫ్రాన్సు దేశస్థుడైన నాడార్ 1858లో బెలూను నుండి తొలి వైమానిక ఛాయాచిత్రాన్ని తీశాడు. ఆ చిత్రం నేడు లభించదు. 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ బెలూను నుండి తీసిన బోస్టన్ నగర చిత్రమే లభిస్తున్నవాటిలో పాతది. బెలూనులో మనిషి కూడా ఎక్కవలసి ఉండేది. కెమెరాను మాత్రమే పైకి పంపాలన్న ఆలోచన గాలిపటం వైపు దారి తీసింది.

గాలిపటం నుండి ఛాయాచిత్రాలు తీయడంలో ఆద్యుడుగా ఫ్రాన్సుకే చెందిన ఆర్థర్ బాతూను పేర్కొంటారు. 1888లో ఆయన లాబ్రుగియేర్ వద్ద ఈ ప్రయోగాలలో సఫలుడయ్యాడు. కెమెరాను గాలిపటం చట్రానికే బిగించి, మెల్లగా కాలే వత్తి సహాయంతో షట్టరు తెరుచుకొనేలా ఏర్పాటు చేశాడు. 1890లో ఈ విషయంపై ఒక పుస్తకం ప్రచురించాడు. అమెరికాలో విలియం ఎడ్డీ 1895లో ఇటువంటి చిత్రాలు తీశాడు. తోక లేకుండా నిలకడగా ఎగిరే ఆయన గాలిపటం నమూనా నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం.

1906 ఏప్రిల్ 18న శాన్ ఫ్రాన్సిస్కో నగరం భూకంపానికి, ఆ తరువాత చెలరేగిన మంటలకు నాశనమైనది. కొద్ది వారాలకు జార్జ్ లారెన్స్ 17 గాలిపటాలను ఒకే వరుసలో ఎగురవేసి, సుమారు 22 కిలోల కెమెరాను దాదాపు 600 మీటర్ల ఎత్తుకు పంపి, శిథిల నగరాన్ని విశాలంగా చిత్రించాడు. ఒక విపత్తు పూర్తి పరిధిని ఒకే చిత్రంలో చూపినందువలన ఇది ఈ రంగంలో అత్యంత ప్రసిద్ధమైన ఛాయాచిత్రమైనది. సూడాన్‌లోని జెబెల్ మోయా త్రవ్వకాలలో (1910-14) హెన్రీ వెల్‌కమ్ పెట్టె ఆకారపు గాలిపటాలతో త్రవ్వక స్థలాన్ని చిత్రింపజేశాడు. పురావస్తు శాస్త్రంలో ఈ పద్ధతి వాడకానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలు ఈ పనిని చేపట్టడంతో గాలిపటాల వాడకం దాదాపు ఆగిపోయింది. తేలికైన కెమెరాలు, రేడియో ద్వారా నడిపే చిన్న మోటార్లు అందుబాటులోకి వచ్చిన తరువాత, 1970, 80 దశకాలలో ఇది తిరిగి ప్రాచుర్యం పొందింది. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి ప్రమాదం జరిగినప్పుడు, స్థానిక పౌరులు, స్వచ్ఛంద కార్యకర్తలు గాలిపటాలతోను, బెలూన్లతోను తీరప్రాంతాన్ని చిత్రించి, చమురు తెట్టు వ్యాప్తిని చూపే పటాలను తామే తయారు చేసుకొన్నారు.

భారతదేశంలో వైమానిక సర్వేలు ప్రధానంగా విమానాల ద్వారా జరిగాయి. 1974లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన జాతీయ దూర సంవేదన సంస్థ (2008 నుండి ఇస్రోలో భాగమైన జాతీయ దూర సంవేదన కేంద్రం) వీటిలో ముఖ్యపాత్ర వహించింది. గాలిపటంతో భారతదేశాన్ని చిత్రించినవారిలో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు నికొలా షోరియే ప్రసిద్ధుడు. ఆయన చిత్రాల సంపుటం 2007లో వెలువడింది.

పరికరాలు

గాలిపటం: సంక్రాంతికి ఎగురవేసే కాగితపు పతంగి చురుకుగా తిరగడానికి తయారైనది, అది బరువు మోయలేదు, ఒకచోట నిలవదు. ఛాయాచిత్రణకు నిలకడగా ఎగిరే పెద్ద గాలిపటం కావాలి. త్రికోణాకారపు డెల్టా, ఆరు మూలల జపాను గాలిపటమైన రొక్కాకు, పుల్లలు లేకుండా గాలి నింపుకొని ఎగిరే సంచి వంటి గాలిపటం ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వీటిని చిరగని నైలాను లేదా పాలిస్టరు గుడ్డతో, నారగాజు లేదా కార్బన్ పుల్లలతో చేస్తారు.

దారం: అల్లిన పాలిస్టరు దారం వాడతారు. గాలి వేగం రెట్టింపయితే గాలిపటం లాగే బలం నాలుగు రెట్లవుతుంది. అందువలన మామూలు లాగుడుకు కొన్ని రెట్లు తట్టుకొనే దారాన్ని ఎంచుకోవాలి. దారాన్ని పెద్ద చరఖాకు చుట్టి, చేతులకు తోలు తొడుగులు వేసుకోవడం తప్పనిసరి.

కెమెరా అమరిక: కెమెరాను గాలిపటానికి కాక, దానికి 15 నుండి 30 మీటర్ల దిగువన దారానికి కడతారు. దీనివలన రెండు లాభాలున్నాయి. గాలిపటం కుదుపులు కెమెరాకు నేరుగా తగలవు. గాలిపటం పైన నిలదొక్కుకొన్నదని తెలిసిన తరువాతే కెమెరాను కట్టి పైకి పంపవచ్చు. కెమెరా ఊగకుండా సమతలంగా ఉండటానికి 1912లో పియేర్ పికావే రూపొందించిన అమరికను నేటికీ వాడుతున్నారు. ఇందులో శిలువ ఆకారపు చట్రం నాలుగు కొనలలోని చిన్న కప్పీల గుండా ఒకే తాడు సాగుతుంది. పై దారం ఎంత వాలినా తాడు సర్దుకొని చట్రాన్ని సమంగా నిలుపుతుంది. కొన్ని సెకనులకొకసారి తనంతట తానే చిత్రం తీసేలా అమర్చిన చిన్న కెమెరా ప్రారంభకులకు చాలు.

ఎత్తు, చిత్రంలో పట్టే నేల

విప్పిన దారం పొడవు, అది నేలతో చేసే కోణం తెలిస్తే ఎత్తును లెక్కించవచ్చు. 150 మీటర్ల దారం 45 డిగ్రీల కోణంలో నిలిస్తే, వంపును లెక్కించకుండా, గాలిపటం ఎత్తు సుమారు 106 మీటర్లు. కెమెరా దానికంటె కొంత దిగువన ఉంటుంది.

చిత్రంలో పట్టే నేల వెడల్పును తెలుసుకోవడానికి కెమెరా ఎత్తును సంవేదకం వెడల్పుతో గుణించి, కటకపు నాభ్యంతరంతో భాగించాలి. 36 × 24 మి.మీ. సంవేదకం, 28 మి.మీ. కటకం ఉన్న కెమెరా 100 మీటర్ల ఎత్తు నుండి నిలువుగా కిందకు చూస్తే, సుమారు 129 మీటర్ల వెడల్పు, 86 మీటర్ల పొడవు గల నేల చిత్రంలో పడుతుంది. చిత్రం వెడల్పున 4,000 బిందువులుంటే ఒక్కొక్క బిందువు నేలపై సుమారు 3 సెంటీమీటర్లకు సమానం. ఇస్రో 2019లో ప్రయోగించిన కార్టోశాట్-3 ఉపగ్రహంలో ఇది సుమారు పావు మీటరు. అంటే ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్కగా కలిసిపోయే ఇటుకల వరుస, గట్టుపై పగులు గాలిపటం చిత్రంలో విడివిడిగా కనబడతాయి.

పెద్ద స్థలాన్ని పటంగా కూర్చడానికి ఒకదానిపై ఒకటి 60 నుండి 80 శాతం వరకు కప్పుకొనే చిత్రాలు అనేకం కావాలి. 300 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల స్థలాన్ని 100 మీటర్ల ఎత్తు నుండి 70 శాతం కప్పుదలతో చిత్రించడానికి సుమారు నూరు చిత్రాలు అవసరమవుతాయి. గాలిపటాన్ని కచ్చితమైన గీతలో నడపలేము గనుక, వాస్తవంలో అంతకు కొన్ని రెట్లు తీసి, మంచివాటిని ఎంచుకొంటారు. నేలపై ముందుగా కొలిచి ఉంచిన గుర్తులు చిత్రాలలో కనబడితే పటం కొలతలు సరిగా వస్తాయి.

ఉత్తర తెలంగాణలో అనువైన స్థలాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు పూర్వపు కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో మొదటి రెండూ జగిత్యాల జిల్లాలో, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరాయి. పైనుండి చూసినప్పుడే పూర్తిగా బోధపడే నిర్మాణాలు, ప్రదేశాలు ఇక్కడ పలు ఉన్నాయి.

జగిత్యాల కోట 18వ శతాబ్దికి చెందినది. దీని ప్రాకారం నక్షత్రాకారంలో ఉండి, చుట్టూ కందకం ఉంది. ఫిరంగి దాడిని ఎదుర్కొనడానికి ఐరోపాలో రూపొందిన ఈ నమూనాలో, ప్రతి బురుజు పక్క గోడను కాపాడే విధంగా ముందుకు పొడుచుకొని వస్తుంది. గోడ పక్కన నిలిచినవారికి ఒక మూల మాత్రమే కనబడుతుంది. మూలలన్నీ కలిసి చేసే ఆకారం, కందకంలో పూడిన భాగాలు ఎత్తునుండి తీసిన చిత్రంలో తెలుస్తాయి.

గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల శాతవాహన కాలపు ముఖ్య పురావస్తు స్థలం. ఇక్కడ శాతవాహన వంశ స్థాపకుడైన సిముకుని నాణేలు లభించాయి. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం వలన ఈ ప్రాంతం ముంపు సమస్యను ఎదుర్కొంది. నీరు తగ్గినప్పుడు బయటపడే గోడల ఆనవాళ్ళు మళ్ళీ నీటిలోకి పోయేలోపు నమోదు చేయవలసి ఉంటుంది. ఇటువంటి చోట, కొద్ది గంటలలో సిద్ధమయ్యే గాలిపటం పద్ధతికి ఎక్కువ విలువ ఉంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో తీస్తే నేలపై కొద్దిపాటి ఎత్తుపల్లాలు కూడా నీడల వలన స్పష్టమవుతాయి.

కోరుట్ల పరిసరాలలో శ్రీరాంసాగర్ నుండి వచ్చే కాకతీయ కాలువ, దాని ఆయకట్టు, పసుపు, వరి పొలాలు ఉన్నాయి. ఒకే పొలంలో నీరు అందని భాగం, తెగులు సోకిన భాగం రంగు తేడాతో పైనుండి గుర్తుపట్టవచ్చు. సిరిసిల్ల మానేరు నది ఒడ్డున వెలసిన మరమగ్గాల పట్టణం. నదిలో ఇసుక మేటలు, చెరువుల పూడిక, శిఖం భూముల మార్పులు ఏటేటా ఒకే చోటునుండి తీసిన చిత్రాలలో తెలుస్తాయి.

ఈ ప్రాంతంలో పతంగులు సంక్రాంతికి, అంటే జనవరిలో ఎగురుతాయి. ఆ నెలలో గాలి సాధారణంగా తేలికగా ఉంటుంది గనుక కెమెరాను మోయడానికి పెద్ద గాలిపటం కావాలి. జూన్, జూలై నెలల నైరుతి గాలులు బలమైనవి. వాన లేని వేళలలో కెమెరా పంపడానికి ఇవి అనుకూలం. గంటకు 10 నుండి 35 కిలోమీటర్ల వేగం గల నిలకడైన గాలి ఈ పనికి తగినది.

డ్రోనుతో పోలిక

2010 తరువాత చవకగా లభిస్తున్న డ్రోన్లు ఈ పనిలో చాలా భాగాన్ని తీసుకొన్నాయి. డ్రోను నిర్ణీత మార్గంలో ఎగురుతుంది, గాలి లేకున్నా పనిచేస్తుంది. అయితే దాని బ్యాటరీ సాధారణంగా అరగంటలో అయిపోతుంది. గాలిపటం గాలి ఉన్నంతసేపు గంటల తరబడి నిలుస్తుంది, చప్పుడు చేయదు, పక్షులను అంతగా బెదిరించదు, పాఠశాల విద్యార్థులు సైతం తయారు చేసుకోగలరు. గాలి దిశ మారితే కోరిన చోటికి చేరలేకపోవడం, చెట్లు, భవనాల మధ్య ఎగురవేయలేకపోవడం దీని ముఖ్య లోపాలు.

భద్రత, చట్టం

విద్యుత్ తీగల దగ్గర ఎట్టి పరిస్థితులలోను ఎగురవేయరాదు. తడిసిన దారం గుండా విద్యుత్తు ప్రవహించగలదు. లోహపు తీగను దారంగా వాడటం ప్రాణాంతకం. ఉరుములు వినబడితే వెంటనే దించివేయాలి. గాజుపొడి పూసిన మాంజా ఈ పనికి పనికిరాదు. అది మనుషుల గొంతులను, పక్షుల రెక్కలను కోస్తుంది. నైలాను, ఇతర కృత్రిమ దారాలతో చేసే చైనా మాంజాను జాతీయ హరిత న్యాయస్థానం 2017లో దేశవ్యాప్తంగా నిషేధించింది. కెమెరా కింద జనం ఉండకుండా చూడాలి. రహదారి మీదుగా దారం సాగరాదు.

1934 నాటి భారత విమాన చట్టం ఇచ్చిన నిర్వచనంలో గాలిపటం కూడా విమానాల కోవలోకే వచ్చింది. ఆ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. డ్రోన్లకు 2021 నాటి ప్రత్యేక నియమావళి ఉంది. విమానాశ్రయాలు, సైనిక స్థావరాల పరిసరాలలో ఎగురవేయరాదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల వద్ద ఆ శాఖ అనుమతి, ఇతర చోట్ల స్థల యజమాని, స్థానిక పోలీసుల అనుమతి ముందుగా తీసుకోవాలి. ఇళ్ళ పెరళ్ళు, మేడల పైభాగాలు కూడా చిత్రంలో పడతాయి గనుక, అటువంటి చిత్రాలను ప్రచురించేముందు అక్కడివారి సమ్మతి పొందడం మర్యాద.