గాలినీడకు కట్టిన లెక్క

పడవ సాగిపోయిన తరువాత నీటిమీద కొంతసేపు దాని చాలు మిగిలి ఉంటుంది. గాలిమర రెక్కలను దాటివచ్చిన గాలికీ అటువంటి చాలు ఒకటి ఉంటుంది. తనలోని శక్తిని కొంత రెక్కలకు అప్పగించిన ఆ గాలి వేగం తగ్గి, సుడులు తిరుగుతూ చాలా దూరం సాగుతుంది. ఇంగ్లీషులో దీనిని వేక్ అంటారు. మనం గాలినీడ అని పిలుచుకుందాం.

ఈ నీడకు లెక్క ఎందుకు? గాలి మోసుకువచ్చే శక్తి దాని వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. వేగం పదవ వంతు తగ్గితే శక్తి 27 శాతం తగ్గిపోతుంది. ఒంటరి మరకు ఈ చింత లేదు. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత డెన్మార్కులోనూ కాలిఫోర్నియాలోనూ మరలు గుంపులుగా వెలిశాయి. ముందున్నది తీసుకోగా మిగిలినదే వెనుకదానికి ప్రాప్తం. దగ్గరగా నిలిపితే విద్యుత్తు తగ్గుతుంది; దూరంగా నిలిపితే నేలకూ తీగలకూ దారులకూ వ్యయం పెరుగుతుంది. ఈ రెంటి మధ్య మేలైన ఎడం ఎంతో చెప్పగల సూత్రం కావలసి వచ్చింది. 1979లో అమెరికాలో లిస్సమన్ ఆ దిశగా ఒక పద్ధతిని ప్రకటించాడు.

1983లో డెన్మార్కులోని రిసో జాతీయ ప్రయోగశాలలో జెన్సెన్ ఒక చిన్న నివేదిక వ్రాశాడు. రిసో మొదట అణుశక్తి పరిశోధన కోసం ఏర్పడిన సంస్థ కావడం గమనార్హం. జెన్సెన్ సుడుల జోలికి పోలేదు. నీడ శంకువువలె సరళరేఖలో విస్తరిస్తుందనీ, దాని అడ్డుకోతలో వేగం అంతటా ఒక్కటేననీ భావించాడు. ప్రతి పది మీటర్లకు నీడ వ్యాసార్ధం ఒక మీటరు పెరుగుతుందని అంచనా కట్టాడు. 1986లో కాటిచ్, హోయ్‌స్ట్రుప్‌లతో కలిసి, ఒకదానిపై ఒకటి పడే నీడలను కూడే విధానాన్నీ చేర్చాడు. కాగితంమీద చేయగలిగిన ఆ లెక్కే తరువాత గాలిక్షేత్రాల రూపకల్పనకు వాడే సాఫ్ట్‌వేరులో చోటు సంపాదించుకుంది.

ఆ లెక్కకు అసలు పరీక్ష సముద్రంమీద ఎదురయింది. 2002లో డెన్మార్కు పడమటి తీరాన హార్న్స్ రెవ్ వద్ద 80 మరలు, ఒక్కొక్కటి 2 మెగావాట్లవి, 560 మీటర్ల ఎడంతో నిలిచాయి. వరుస వెంట సూటిగా గాలి వీచినప్పుడు రెండవ మర ఉత్పత్తి మొదటిదానికన్నా మూడవ వంతుకు పైగా పడిపోవడం కొలతలలో తేలింది. 2008 ఫిబ్రవరి 12న అక్కడ మంచు కమ్మి, ప్రతి మర వెనుకా తెల్లని తోక సాగిన ఛాయాచిత్రం లోకమంతా చూసింది. అంతవరకు సూత్రంలోనే ఉన్న నీడ కంటికి కనిపించింది.

2014లో బాస్తన్‌ఖా, పోర్టే-అజెల్ నీడ నడుమ చిక్కగా, అంచుల్లో పలుచగా ఉండే నమూనాను ప్రతిపాదించారు. అయినా కథ ముగియలేదు. 2019లో సముద్రపు గాలి విద్యుత్తులో అగ్రగామి అయిన ఓర్‌స్టెడ్, గాలినీడ ప్రభావాన్నీ, మరల గుంపును చేరకముందే గాలి మందగించే ప్రభావాన్నీ తాను తక్కువగా అంచనా వేసినట్లు ప్రకటించి, తన రాబడి అంచనాలను తగ్గించుకుంది.

అప్పిచ్చేవారు నమ్మేది ఇంకా తిరగని మర ఇరవై ముప్పై ఏళ్ళలో ఇవ్వబోయే విద్యుత్తును. ఆ నమ్మకానికి ఆధారం ఈ నీడ లెక్కే. జెన్సెన్ సూత్రం సత్యానికి ఉజ్జాయింపు మాత్రమే. కాని ఎంత నష్టమో ముందే అడిగే అలవాటును అది ఈ రంగానికి నేర్పింది.