మోటుపల్లి తీరపు కెరటములు

పెద్దదోర్నాలలో నిలిచి చూచువారికి నల్లమల కొండలు కనుపించునే గాని సముద్రపు కెరటములు కనుపించవు. అయినను యర్రగొండపాలెము మీదుగా త్రిపురాంతకము వెళ్ళి, అచ్చటి కాకతీయ శాసనములను చూచి, ఆ రాజుల పాలన ఈ కొండలతోనే ఆగినదనుకొనరాదు. వారి శాసనమొకటి కడలి ఒడ్డున, చినగంజాము సమీపమున మోటుపల్లిలో ఉన్నది. ఆ ఊరు ఒకప్పుడు పెద్ద రేవు.

రేవు అనగానే గోడలు కట్టిన నౌకాశ్రయము మనకు తోచును. ఆనాడు ఈ తీరమున అట్టిది లేదు. ఓడ దూరముగా లంగరు వేసి నిలువవలెను. సరకులు చిన్న పడవలపై ఒడ్డు చేరవలెను. నడుమనున్న ఆ కొద్ది దూరమే గండము. లోతున నున్నగా సాగివచ్చిన అల, నీటి లోతు తన ఎత్తుకు ఇంచుమించు సమానమగు చోట అడుగున నెమ్మదించి, తల ముందుకు ఒరిగి విరుచుకుపడును. అట్లాంటిక్ తీరమున, పోర్చుగల్ దేశపు నజారెలో, ఈ విరిగెడు అల కొరకే కాచుకొని పలకలపై స్వారి చేయువారు కలరు. 2020 అక్టోబరులో ఒకరు 86 అడుగుల అలపై స్వారి చేసినారు! మన పల్లెకారులకు అది వినోదము కాదు, జీవనము. మేకులు కొట్టిన పడవ ఆ దెబ్బకు పగులును గనుక, పలకలను కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలు తూర్పుతీరమున చిరకాలము వాడుకలో ఉండెను. కుట్టు సాగును గాని విరగదు.

తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడ గతి వేరు. అందలి బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు సమస్తమును పూర్వరాజులు బలవంతముగా తీసికొనెడివారట. సముద్రము విడిచినదానిని రాజు విడువలేదన్నమాట. ఈ నింద మోపినది పరదేశి వర్తకుడు కాదు, కాకతి గణపతిదేవుడే. 1244లో మోటుపల్లి వీరభద్రాలయమున వేయించిన శాసనమున ఈ సంగతి చెప్పి, నియమిత శుల్కము తప్ప తక్కినదంతయు వర్తకునిదేనని అభయమిచ్చినాడు. ఆ శుల్కము ముప్పదింట ఒక వంతు. ధనమును ప్రాణముకన్న మిన్నగా నెంచి సముద్రమున దిగిన వర్తకులపై దయచేత, కీర్తికొరకు, ధర్మముకొరకు ఇట్లు చేసితినని ఆయన చెప్పుకొన్నాడు. బొక్కసపు లెక్కయు ఆయన మనసులో ఉండియుండును. దోపిడి భయమున్న రేవునకు ఓడ రెండవసారి రాదు గదా!

కుమార్తె రుద్రమదేవి కాలపు ఈ రేవు ప్రసక్తి మార్కోపోలో వ్రాతలలో కలదు. ఆ పిమ్మట కాకతీయ రాజ్యము 1323లో కూలిపోయినది. 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయశాసనము వేయించవలసివచ్చినది.