పరీక్ష కాపురం

పరాయి దేశంలో కొన్నాళ్లు వుండి చూద్దాం, నచ్చితే స్థిరపడదాం, నచ్చకపోతే తిరిగివద్దాం అనుకోవడం కలవారికి చెల్లుతుంది. మధ్యతరగతి యువకుడికి అది అప్పుతో మొదలయ్యే పరీక్ష. అందులో ఎవరు ఎవరిని పరీక్షిస్తున్నారన్నదే అసలు ప్రశ్న. నేనూ ఆ పరీక్షకు కూర్చున్నవాణ్ణే. నా అనుభవాన్ని దాని చరిత్రలో పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి ప్రయాణం మనకు కొత్త కాదు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు వున్నారు. ఒప్పందం అయిదేళ్లు. అగ్రిమెంటు అన్న మాటే కూలీల నోట ‘గిర్మిట్’ అయింది. తోటలో అయిదేళ్లు, ఆ దేశంలో మరో అయిదేళ్లు గడిపితేనే సర్కారు ఖర్చుతో తిరుగు ప్రయాణం. చాలామంది అక్కడే వుండిపోయారు. ఆ కూలీ పడ్డ బాధతో కంప్యూటరు ముందు కూర్చున్న నా బాధను సమానం చేస్తే అది చరిత్రకు ద్రోహం. అయితే గడువు పెట్టి శ్రమను పిలిపించుకుని, మనిషిని గుమ్మంలో నిలబెట్టే పద్ధతి ఆనాటిదే.

అమెరికాలో 1990 నాటి వలస చట్టం హెచ్-1బి వీసాను ప్రవేశపెట్టింది. గడువు మూడేళ్లు, పొడిగిస్తే ఆరేళ్లు. ఏటా 65,000 మందికి మించకూడదని పరిమితి. కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీ చిక్కు, ఇంటర్నెట్ వ్యాపారపు పొంగు కలిసివచ్చేసరికి ఈ పరిమితి 1999కి 1,15,000 అయింది, 2001కి 1,95,000 అయింది. అవసరం తగ్గాక 2004కి మళ్లీ 65,000కు దిగింది. ఆ తలుపు తెరుచుకున్న చప్పుడు అమీర్‌పేటలో వినిపించింది.

నేను 1999లో ఖమ్మం జిల్లా నుంచి వచ్చి పంజగుట్ట సందులో ఒక మంచం అద్దెకు తీసుకున్నాను. గదికి ఆరు మంచాలు. పొద్దున్నే మైత్రీవనం దాకా నడిచివెళ్లి క్లాసులో కూర్చునేవాణ్ణి. గోడల నిండా కోర్సుల పేర్లు, జిరాక్సు కొట్లలో నోట్సు అమ్మకాలు. సాయంత్రం కర్రీ పాయింటులో పప్పూ వేపుడూ కట్టించుకుని గదిలో అన్నం వండుకునేవాళ్లం. ఎవరి వంతు ఏ రోజో కాగితం మీద రాసి గోడకు అంటించాం. ఆ గదిలో ఎవరూ ఆ వూరివాళ్లు కారు, ఎవరూ అక్కడ వుండిపోవడానికి వచ్చినవాళ్లు కారు. పరదేశవాసం నాకు అక్కడే మొదలయింది.

బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరిచింది 2008లో. అంతకు ముందు వీసాకు మద్రాసు పోవలసిందే. 2001 మొదట్లో న్యూజెర్సీలో దిగాను. నన్ను పిలిపించిన కంపెనీ మాలాంటివాళ్లను ఇతర కంపెనీలకు గంటల లెక్కన అద్దెకిచ్చేది. అప్పటికే ఇంటర్నెట్ వ్యాపారం కుప్పకూలింది. రెండు గదుల ఇంట్లో ఎనిమిదిమందిమి. పని దొరకని కాలాన్ని ‘బెంచి’ అంటారు. అయిదు నెలలు బెంచిమీద వున్నాను, జీతం లేదు. పని చూపలేకపోయినా యజమాని జీతం ఇచ్చితీరాలని 1998లోనే అక్కడ చట్టం వచ్చింది. ఆ సంగతి నాకు తిరిగివచ్చాక తెలిసింది. ముందే తెలిసివుంటే ఫిర్యాదు చేసేవాణ్ణా? నా వీసా ఆ యజమాని చేతిలో వుంది.

అయినా మనిషి అలవాటు పడతాడు. వంతుల కాగితం అక్కడా గోడకెక్కింది. ఇండియన్ కొట్లో బియ్యం బస్తా, ఆవకాయ సీసా దొరికాయి. పావు డాలరు నాణేలు దాచుకుని బట్టలుతికే యంత్రంలో వేయడం, మంచు మీద జారకుండా నడవడం నేర్చుకున్నాను. ఆదివారం కాలింగ్ కార్డుతో ఫోను చేసి “అలవాటైందమ్మా” అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. కాని ఆ ఇంట్లో ఒక్కరూ మంచం కొనలేదు. నేలమీద బొంతలు పరుచుకున్నాం. మంచం కొంటే వుంటామని చెప్పినట్టు. ఆ మాట చెప్పే అధికారం మాకు లేదు. నేను ఆ దేశాన్ని పరీక్షిస్తున్నాననే భ్రమ అక్కడే పోయింది. తర్వాత ఎనిమిది నెలలు పని దొరికింది. అది అయిపోగానే, 2002లో, తిరిగివచ్చాను.

చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో హైదరాబాదులోనూ సిడ్నీలోనూ మాలాంటివాళ్లను పరిశీలించి 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే పుస్తకం వెలువరించాడు. ఈ శ్రమను తయారుచేసే ఖర్చు కుటుంబాల మీద పడుతుందనీ, అందులో కట్నాల డబ్బు కూడా వుందనీ చూపించాడు. అది చదివినప్పుడు మా చెల్లెలు గుర్తొచ్చింది. నా కోర్సు కోసం ఆమె చదువు ఇంటరుతో ఆగింది. ఫీజు ఆమె కట్టింది, హాల్ టికెట్టు నా పేరున వచ్చింది.

నా తర్వాత వెళ్లినవాళ్ల పరీక్ష ఇంకా పొడుగైంది. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న పరిమితి వల్ల భారతీయులకు గ్రీన్ కార్డు నిరీక్షణ దశాబ్దాలకు సాగింది. వాళ్ల భార్యలకు 2015 దాకా ఆ వీసా మీద ఉద్యోగం చేసే అనుమతి లేదు, ఆ తర్వాత కూడా కొందరికే వచ్చింది. ఉద్యోగం పోతే 60 రోజుల వరకే గడువని 2017లో నిబంధన వచ్చింది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడ పిల్లల్ని కని, ఇల్లు కొనుక్కున్నవాడు కూడా ఇంకా పరీక్ష హాలులోనే వున్నాడు.

తిరిగివచ్చాక పంజగుట్ట గదికి వెళితే నా మంచం మీద ఒక గుంటూరు కుర్రవాడు వున్నాడు. “అక్కడ ఎలా వుంటుందన్నా?” అని అడిగాడు. “వంట నేర్చుకో” అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే. ఈవేళ అడిగితే ఇలా చెబుతాను: ఒప్పందం కాగితం ఆసాంతం చదువు. బెంచిమీద వున్నా జీతం నీ హక్కు, అడుగు. నీ ఫీజు ఎవరి చదువులోంచి వచ్చిందో మరవకు.